నలభై రెండో రోజు తర్వాత

వాడరేవు ఒడ్డున తెల్లవారకముందే పాట మొదలవుతుంది. పడవ ఇసుక ఎక్కగానే వలలు దులిపి చేపలు కుప్పలు పోస్తారు. కుప్ప చుట్టూ ఆడవాళ్లు మూగుతారు. పాట ముగిసీ ముగియకముందే టబ్బులు నింపుకుని, చీరాల వెళ్లే ఆటోల కోసం రోడ్డు వైపు నడక. ఈమధ్య ఒక పొద్దున అక్కడ తెలిసిన పిల్ల కనిపించింది. ఇరవై రెండేళ్లుంటాయి, కాన్పయి నాలుగు నెలలు. నెత్తిన టబ్బు, దాన్ని పట్టుకుని ఎడం చెయ్యి. కుడి చెయ్యి మాత్రం పొత్తికడుపు మీద అదిమిపెట్టుకుని నడుస్తోంది. పది అడుగులకోసారి ఆగుతోంది.

"ఎలా ఉందమ్మా?" అన్నాను.

"బాగుంది నర్సమ్మా, ఆరు కిలోలయింది" అంది.

నేను అడిగింది బిడ్డ సంగతి అనుకుంది. "నీ సంగతే అడుగుతున్నా" అంటే కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత టబ్బు దింపి ఇసుకలో పెట్టి, "కుట్టు దగ్గర ఎవరో లోపలినించి పట్టి లాగినట్టుంటాది. ఇంట్లో చెబితే ఆపరేషన్ చేస్తే అంతే కదా అంటారు. ఎన్నాళ్లుంటాది నర్సమ్మా?" అంది.

ఆ ప్రశ్నకి ఆమెకి ఆసుపత్రిలో జవాబు దొరకలేదు. ఇంటికొచ్చిన వాళ్లెవరూ ఆ మాటెత్తలేదు. ఈ వ్యాసం ఆ ప్రశ్న గురించే.

నేను ముప్పై ఏళ్లకు పైగా ఏఎన్ఎంగా పనిచేశాను. చీరాల, బాపట్ల, రేపల్లె వైపు ఊళ్లలో తిరిగాను. మొదటి పదిహేనేళ్లూ ఇళ్లలో, సబ్‌సెంటర్లలో కాన్పులు నా చేతుల మీదుగానే జరిగాయి. లాంతరు వెలుగులో బొడ్డు కోసిన రోజులున్నాయి. 2005లో జననీ సురక్ష యోజన వచ్చాక గర్భిణుల్ని ఆసుపత్రికి తీసుకెళ్లడం మా పనయింది. మంచిదే అయింది. ఇంట్లో రక్తం ఆగక కళ్లముందే తెల్లబడిపోయిన తల్లిని చూసినవాళ్లెవరూ ఆ రోజులు మళ్లీ రావాలని కోరుకోరు. 1883లో అన్నా కుగ్లర్ అనే అమెరికా డాక్టరమ్మ గుంటూరు వచ్చి, 1898లో ఆడవాళ్ల కోసం ఆసుపత్రి తెరిచారు. ఆ కాలంలో కాన్పుకెళ్లిన మనిషి ప్రాణాలతో తిరిగొస్తే చాలనుకునేవాళ్లు. ఇవాళ మన రాష్ట్రంలో నూటికి 96 మందికి పైగా ఆసుపత్రిలోనే ప్రసవిస్తున్నారు. 2018-20 లెక్కల్లో లక్ష సజీవ జననాలకు 45 మంది తల్లులు చనిపోయారు. దేశం మొత్తం మీద ఆ సంఖ్య 97. ఈ తేడా వెనక ఎందరు డాక్టర్ల, నర్సుల, ఆశా కార్యకర్తల రాత్రిళ్లున్నాయో నాకు తెలుసు.

ఇంకో లెక్క కూడా ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42 కాన్పులు ఆపరేషన్లే. ప్రైవేటు ఆసుపత్రుల్లో 63. తెలంగాణలో మొత్తం మీద దాదాపు 61, ప్రైవేటులో 81కి పైన. దేశం సగటు 21.5. ఆపరేషన్లు నూటికి పది దాటాక తల్లీబిడ్డల మరణాలు అదనంగా తగ్గుతున్న దాఖలా లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. ఈ అంకెలు పేపర్లో వచ్చినప్పుడల్లా నాలుగు రోజులు గొడవ జరుగుతుంది. డాక్టర్లు డబ్బు కోసం కోస్తున్నారని ఒకరంటారు, ఈ కాలం ఆడపిల్లలకి నొప్పులు పడే ఓపిక లేదని మరొకరంటారు. ఈ రెండు మాటల మధ్యా తల్లి ఎక్కడా కనపడదు. కోసిన తర్వాత ఆమె ఎలా బతుకుతోంది, కోయకుండా కన్న ఆమె ఎలా బతుకుతోంది అని అడిగినవాళ్లు నా ఉద్యోగకాలంలో నాకు తగల్లేదు. నేనూ అడగలేదు. నా రిజిస్టర్లో ఆ గడి లేదు.

నాకు ఇద్దరు పిల్లలు. రెండు దారులూ నా ఒంటిమీదే ఉన్నాయి కాబట్టి ఈ మాట రాసే హక్కు నాకుందనుకుంటాను.

పెద్దవాడు మామూలు కాన్పు. పద్దెనిమిది గంటలు నొప్పులు పడ్డాను. చివర్లో ఒకామె నా పొట్ట మీద మోచేతులతో నొక్కింది. కింద కోసి కుట్లు వేశారు. "సుఖప్రసవం" అని రాసి మూడో రోజు ఇంటికి పంపేశారు. ఆ తర్వాత నేను దగ్గితే, నవ్వితే, బరువెత్తితే మూత్రం పడిపోయేది. ఉద్యోగం తెల్లచీరలో. లోపల మడతబట్ట పెట్టుకుని, పొద్దున్నించి గుక్కెడు నీళ్లు తాగకుండా, బస్సుల్లో నిలబడి ఊళ్లు తిరిగాను. ఎక్కడ వాసన వస్తుందోనని ఎవరి పక్కనా కూచునేదాన్ని కాదు. నా భర్తకి కూడా చెప్పలేదు. నర్సుని, నాకే సిగ్గు. ఆరేళ్ల తర్వాత గుంటూరులో ఒక శిక్షణకి వెళ్లినప్పుడు ఒక డాక్టరమ్మ ఈ సంగతి పాఠంగా చెప్పారు. మూత్రాన్ని మధ్యలో ఆపుకున్నప్పుడు ఏ కండరం బిగుస్తుందో దాన్ని గుర్తుపట్టి, తర్వాత ఊరికే కూచున్నప్పుడు బిగించి పట్టి, మెల్లగా వదలాలి, రోజుకి మూడుసార్లు చెయ్యాలి అన్నారు. మూడు నెలలు చేశాను. ముప్పాతిక భాగం తగ్గింది. పైసా ఖర్చు లేని ఆ సంగతి నాకు ఆరేళ్లు తెలియలేదు.

అమ్మాయి అడ్డం తిరిగింది. ఆపరేషన్ చెయ్యకపోతే ఇద్దరం బతికేవాళ్లం కాదు. ఆ డాక్టరుగారిని తలుచుకోని రోజు లేదు. కానీ కుట్టు చీము పట్టింది. ఐదు వారాలు నడుం నిటారుగా పెట్టి నడవలేదు. బిడ్డని ఒళ్లోకి తీసుకోవాలంటే ఎవరో ఒకరు ఎత్తి ఇవ్వాలి. పాలు మూడో రోజుకి గానీ పడలేదు. ఆ గీత మీద నాలుగు వేళ్ల మేర ఇప్పటికీ స్పర్శ తెలియదు.

మన భాషలో సుఖప్రసవం అనే మాట ఉంది. దాని ఎదుట ఆపరేషన్ అనే మాట ఉంది. ఒకటి సుఖం, రెండోది కోత. తల్లుల అనుభవం అలా రెండు పక్కలకీ విడిపోదు. మొదటి వారాల్లో మామూలు కాన్పయిన తల్లి తొందరగా లేస్తుంది, బిడ్డకి తొందరగా పాలిస్తుంది, ఇన్‌ఫెక్షన్ భయం తక్కువ. ఇది నిజం. మూత్రం జారడం, గర్భసంచి కిందికి దిగడం లాంటివి ఏళ్ల మీద మామూలు కాన్పయిన వాళ్లలోనే ఎక్కువ. ఇదీ నిజమే. 2018లో పాత పరిశోధనలెన్నిటినో ఒకచోట చేర్చి చూసిన అధ్యయనం ఇదే తేల్చింది. ఆపరేషన్ అయిన వాళ్లకి తర్వాతి కడుపులో మాయ కింద అతుక్కోవడం, పాత కుట్టులోకి పాతుకుపోవడం, గర్భసంచి చిట్లడం లాంటి ప్రమాదాలు పెరుగుతాయని కూడా అదే చెప్పింది. అంటే ఏ దారిన కన్నా తల్లి ఒంటికి ఒక బాకీ మిగిలే అవకాశం ఉంది. ఆ బాకీ ఏమిటో ఆమెకి ముందే తెలియాలి.

వాడరేవులో ఆ బాకీ ఎలా తీరుతుందో చెబుతాను. ఇక్కడ ఆడవాళ్ల పని అంతా కడుపు కండరాల మీదే. కత్తిపీట మీద ఒక మోకాలు మడిచి కూచుని చేపలు తోమాలి. ఆ కూచోవడంలోనే కుట్టు ముడుచుకుంటుంది. నెత్తళ్లు, సావళ్లు ఉప్పు పట్టించి ఇసుక మీద ఎండేయాలి. వంగి పరచాలి, వంగి తిరగెయ్యాలి, వాన మబ్బు కనిపిస్తే వంగి ఎత్తాలి. నీళ్లోడుతున్న టబ్బు ఇరవై కిలోలకి తక్కువుండదు. మెత్తటి ఇసుకలో దాంతో నడవడమంటే సిమెంటు రోడ్డు మీద నడక లాంటిది కాదు, అడుగు అడుగుకీ నడుం బిగించాలి. ఆసుపత్రిలో "మూణ్ణెల్లు బరువులెత్తకు" అని చెప్పి పంపిస్తారు. మంచి సలహానే. ఆ మూణ్ణెల్లు ఇల్లెలా గడవాలో ఆ చీటీ మీద రాసి ఉండదు.

వేటమీద నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. చేపలు గుడ్లు పెట్టే కాలం కనక సముద్రాన్ని వదిలెయ్యాలని. ఆ రోజులకి మత్స్యకార కుటుంబాలకి ప్రభుత్వం భృతి ఇస్తోంది, ఇవ్వాల్సిందే. చేపకి రెండు నెలల విశ్రాంతి కావాలని ఒప్పుకున్న మనం బాలింతకి ఎన్ని రోజులు ఒప్పుకున్నాం? 2017 చట్ట సవరణతో ఉద్యోగం చేసే తల్లికి 26 వారాల జీతంతో సెలవు. చేపలమ్ముకునే తల్లికి మాతృవందన పథకం కింద మొదటి బిడ్డకి 5,000 రూపాయలు. కోత పడినా పడకపోయినా అంతే. చీరాలకి వెళ్లొచ్చే ఆటో ఖర్చు, మందులు, నెలరోజులు పోయిన సంపాదన లెక్కేస్తే అది ఎన్నాళ్లు వస్తుందో ఇక్కడ ఎవరినడిగినా చెబుతారు.

నడుంనొప్పి గురించి ఒక మాట. మా వైపు ఆపరేషన్ అయిన ప్రతి ఆడమనిషీ "ఆ వెన్నులో సూది వేశారు, అప్పణ్ణించి నడుం పోయింది" అంటుంది. సూది పొడిచినచోట కొన్నాళ్లు నొప్పి ఉండొచ్చు, కొందరికి తలనొప్పి రావచ్చు. ఏళ్ల తరబడి ఉండే నడుంనొప్పికి ఆ సూది కారణం కాదు. తొమ్మిది నెలల్లో సాగిన పొట్ట కండరాలు మళ్లీ బిగుసుకోకముందే బరువులెత్తడం, గూని పెట్టుకుని పాలివ్వడం, రక్తం తక్కువవడం, ఇవన్నీ కలిసి చేసే పని అది. సూది మీద నేరం వేసి ఊరుకుంటే కండరాలకి వైద్యం జరగదు. వ్యాయామం నేర్పించే మనిషి ఏరియా ఆసుపత్రిలో కాన్పుల వార్డుకి వచ్చి ప్రతి బాలింత దగ్గర పావుగంట కూచుంటే చాలు.

ఇన్ని ఆపరేషన్లు ఎందుకవుతున్నాయన్నదానికి నేను డాక్టర్ల ఒక్కరి మీదే నేరం మోపను. ముహూర్తాలు పెట్టించుకొచ్చే కుటుంబాల్ని ఎంతమందిని చూశానో. అమావాస్య రాకూడదు, మూలా నక్షత్రం రాకూడదు, ఫలానా ఉదయం తొమ్మిదిలోపు తియ్యాలి. 39 వారాలు నిండకుండా నొప్పులు రాకుండా బిడ్డని బయటికి తీస్తే ఊపిరి ఎగబీల్చే ప్రమాదం ఎక్కువని చెబితే "మీరు శాస్త్రం నమ్మరా" అని నన్ను కోప్పడ్డ పెద్దలున్నారు. రాత్రంతా ఒక్క డాక్టరు, ఒక్క మత్తు డాక్టరు ఉన్నచోట పన్నెండు గంటలు నొప్పులు కనిపెట్టుకుని కూచోవడం కంటే పగలే కోసెయ్యడం సులువనిపిస్తుంది. కాన్పు గదిలో అరిస్తే తిట్టే నోళ్లున్నాయి. అది విన్న చెల్లెలు తన వంతు వచ్చేసరికి "నాకు ఆపరేషనే చెయ్యండి" అంటుంది. ఆ పిల్లకి ఓపిక లేదనే మనిషి ఆ గదిలో ఒక రాత్రి నిలబడి చూడాలి.

నొప్పులు పడే మనిషి పక్కన తనకి నచ్చిన ఆడమనిషి ఒకరు ఉండొచ్చని కేంద్ర ప్రభుత్వం 2016లోనే ఆదేశమిచ్చింది. అమ్మో, అక్కో చెయ్యి పట్టుకుని ఉంటే కాన్పు తేలికవుతుందని మా మంత్రసానులకి ఎప్పటినించో తెలుసు. గర్భద్వారం ఐదు సెంటీమీటర్లు తెరుచుకునేదాకా అసలు నొప్పులు మొదలైనట్టే కాదని, గంటకో సెంటీమీటరు చొప్పున తెరుచుకోవాలన్న పాత కొలతతో తొందరపడొద్దని 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. 2017లో తెలంగాణ ప్రభుత్వం హైదరాబాదు ఫెర్నాండెజ్ ఆసుపత్రి, యునిసెఫ్‌లతో కలిసి కరీంనగర్‌లో స్టాఫ్ నర్సులకి మిడ్‌వైఫ్ శిక్షణ మొదలుపెట్టింది. తర్వాతి ఏడాది కేంద్రం దేశమంతటికీ మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు విడుదల చేసింది. మంత్రసాని ఓర్పు, ఆసుపత్రి భద్రత ఒకే గదిలో ఉండేలా చెయ్యడమే ఆ పని. తీరం వెంట ఉన్న మా ఏరియా ఆసుపత్రులకి అలాంటి మనుషులు కావాలి.

మొదటి కోత గురించి ఇంత ఎందుకు చెబుతున్నానంటే, దాని వెనక ఇంకొన్ని వస్తాయి. "ఒకసారి ఆపరేషన్ అయితే ఎప్పుడూ ఆపరేషనే" అన్న మాట 1916లో న్యూయార్కు డాక్టరు ఒకాయన రాశాడు. అప్పట్లో గర్భసంచిని నిలువుగా కోసేవాళ్లు. అందుకే మొదటి కోత దగ్గరే జాగ్రత్తపడమని ఆయన ఉద్దేశం. ఇప్పుడు కింద అడ్డంగా కోస్తారు, చూసుకునే ఏర్పాటున్నచోట రెండోసారి మామూలుగా కనేవాళ్లు చాలామందే ఉంటారు. మా దగ్గర మాత్రం ఆ ఊసే రాదు. మొదటిసారి ఎందుకు కోశారో తల్లికి తెలియదు. "ఉమ్మనీరు పోయిందన్నారు", "పేగు చుట్టుకుందన్నారు" అని చెబుతుంది. చీటీ ఇంగ్లీషులో ఉంటుంది, అదీ తుపానుకి తడిసి పోతుంది. రెండో కాన్పుకి ఇంకో కోత, దాంతోపాటే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్. మన రాష్ట్రంలో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మంది ఆ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే, చాలామందికి పాతికేళ్లకే అయిపోతుంది. తర్వాత ముప్పై అయిదు దాటాక తెల్లబట్ట, నడుంనొప్పి అని వెళితే గర్భసంచి తీసేస్తారు. దేశంలో గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లు ఎక్కువున్న రాష్ట్రాల్లో మనమే ముందున్నాం. నలభై ఏళ్లు నిండకుండా ఒక్క పొట్ట మీద మూడు కోతలు పడ్డ ఆడవాళ్లు నాకు ఈ ఒడ్డునే పదుల మంది తెలుసు. వాళ్లలో ఎవరికీ ఏ కోత ఎందుకో అర్థమయ్యేలా రాసిచ్చినవాళ్లు లేరు. ప్రతి ఆపరేషన్‌కీ కారణం తెలుగులో నాలుగు వాక్యాలు రాసి తల్లి చేతికివ్వాలని నేను అడుగుతున్నాను. తర్వాతి కాన్పు ఆమె ప్రాణాల మీదికి రాకుండా ఉండడానికి ఆ కాగితం అవసరం.

ఇంకొకటి కూడా అడుగుతున్నాను. ఇది కొత్త ఖర్చు లేని పని. ఆశా కార్యకర్త కాన్పయిన ఇంటికి మూడో రోజు, ఏడు, పద్నాలుగు, ఇరవై ఒకటి, ఇరవై ఎనిమిది, నలభై రెండో రోజుల్లో వెళ్లాలి. నలభై రెండో రోజుతో బాలింత లెక్క తీరిపోతుంది. ఆ తర్వాత మూడో నెల, ఆరు, తొమ్మిది, పన్నెండు, పదిహేనో నెలల్లో అదే ఆశా మళ్లీ అదే ఇంటికి వెళుతుంది, ఈసారి బిడ్డ కోసం. బరువు చూస్తుంది, టీకాలు చూస్తుంది, పైపాలు, అన్నం సంగతి అడుగుతుంది. తల్లి అక్కడే ఎదురుగా కూచుని ఉంటుంది. ఆ కాగితంలోనే తల్లి కోసం ఐదు ప్రశ్నలు చేర్చండి. కుట్టు దగ్గర నొప్పి ఉందా? దగ్గినప్పుడు మూత్రం పడుతోందా? భర్తతో కలిసినప్పుడు నొప్పి ఉందా? ఏడుపు వస్తోందా, నిద్ర పడుతోందా? చేసే పనికి మళ్లీ వెళ్లగలుగుతున్నావా? ఒక్కదాంట్లో ఇబ్బంది ఉందన్నా ఏరియా ఆసుపత్రికి పంపే దారి ఉండాలి, అక్కడ ఆమె మాట వినే మనిషి ఉండాలి. ప్రశ్నలన్నిటికీ పట్టేది పది నిమిషాలు. ఏ కాన్పు ఎలా జరిగిందో పక్కనే రాసి ఉంటుంది కనక, రెండేళ్లలో మన బాపట్ల జిల్లాకే ఏ కాన్పు తర్వాత తల్లులు ఎలా బతుకుతున్నారో లెక్క తేలుతుంది. అప్పుడు ఆపరేషన్లు ఎక్కువా తక్కువా అన్న వాదనకి తల్లుల సాక్ష్యం దొరుకుతుంది.

ఆ పిల్లని ఒడ్డున చూసిన తర్వాత రెండు నెలలకి, ఆరో నెల చూపుకి ఆశాతో కలిసి నేనూ వాళ్లింటికి వెళ్లాను. పెద్దామె అరుగు మీద పాలసొర పొడి చేస్తోంది, కోడలికి పాలు బాగా పడాలని. బిడ్డని తూకం వేశాం. ఏడుంపావు. అత్త ముఖం విప్పారింది. నేను ప్రశ్నలు మొదలుపెడితే అన్నిటికీ ఆవిడే జవాబు చెప్పింది, "దానికేం, రాయిలా ఉంది" అని. కోడలు తల ఊపింది.

బయటికొచ్చి చెప్పులేసుకుంటుంటే వెనకే వచ్చింది. నీళ్లబిందె చంకన పెట్టుకుని కుళాయికి వెళుతున్నట్టు. మూలమలుపు దాటాక బిందె గోడ మీద పెట్టి, "ఇందాక మూడో ప్రశ్న అడిగారు కదా నర్సమ్మా" అంది.